అంగడి వద్దన్న పండు

సంక్రాంతి ముందటి ఉదయం. తెనాలి కాలువల మీద మంచు ఇంకా విడిపోలేదు. డాబా మీద పిట్టగోడ వారగా పాత పెయింటు బకెట్లు, వాటిలో సరుగుడు కర్రలు, కర్రలకు అరటినారతో కట్టిన టమాటా మొక్కలు. ఆకు పక్కకు తీస్తే ఒక కాయ. తొడిమ చుట్టూ ముదురు పచ్చ, నడుమ పాత ఇటుక రంగు, అడుగున కమిలిపోయినట్టు ఊదా. తెలియనివాళ్లయితే కుళ్లిందనుకుని తుంచి పారేస్తారు. తెలిసినవాళ్లు బొటనవేలితో మెల్లగా నొక్కి, మెత్తబడిందనిపించాకే కోస్తారు. కత్తి దిగగానే కండంతా ముదురు బెల్లపు రంగు. గింజల చుట్టూ జిగురు మాత్రం పచ్చపచ్చగా. బద్ద మీద రెండు రవ్వలు ఉప్పు చల్లి నోట్లో వేసుకుంటే ముందు తీపి, వెనకాలే సన్నని పులుపు, మింగాక పొగ తగిలినట్టు ఒక కమ్మదనం.

ఇంట్లో మొక్కలు పెంచేవాళ్లు నలుగురు కలిస్తే మాట ఎక్కడెక్కడో తిరిగి ఈ నల్ల టమాటా దగ్గరికి వస్తోంది. చెరొకీ పర్పుల్, బ్లాక్ క్రిమ్, పాల్ రోబ్సన్, బ్లాక్ చెర్రీ అనే పేర్లు తెలుగు నోళ్లలో నలుగుతున్నాయి. దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, మిద్దెతోట అనే మాటే మనకు ఇంటిమాట కావడం. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి పైకప్పు మీద కూరగాయలు పండించి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశాక తెలుగు ఊళ్లలో ఎన్నో డాబాలు పచ్చబడ్డాయి. గుంటూరు జిల్లా కొర్నెపాడులో రైతునేస్తం ఫౌండేషన్ నడుపుతున్న యడ్లపల్లి వెంకటేశ్వరరావుకు 2019లో పద్మశ్రీ వచ్చింది. సేంద్రియ సాగుతో పాటు ఇంటిపంట మాట కూడా అక్కడినుంచి పల్లెలకు చేరింది. రెండో కారణం 2023. ఆ జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా 200 రూపాయల దరిదాపుకు వెళ్లింది. ప్రభుత్వం రైతుబజార్లలో 50 రూపాయలకు అమ్మితే జనం వరసల్లో నిలబడ్డారు. సెప్టెంబరు వచ్చేసరికి అదే పండును కొనే నాథుడు లేక రైతులు పారబోసుకున్నారు. రోజూ చారులో పడే కాయ ఇంత అస్థిరమైనదా అని ప్రతి వంటింటికీ తెలిసొచ్చిన ఏడాది అది.

అయితే నల్ల టమాటాకు ఇప్పుడు జరుగుతున్న ప్రచారమంతా రెండు మాటల చుట్టూ తిరుగుతోంది. ఒకటి, వింతగా ఉంటుంది. రెండు, ఒంటికి మంచిది. ఈ రెంటిలో ఏదీ ఆ మొక్కను మూడో ఏడాది దాకా నిలబెట్టదు. వింత ఒక్క సంక్రాంతికి పాతబడుతుంది, ఆరోగ్యం పేరుతో చెబుతున్న వాటిలో సగం తప్పు. ఈ పండు మన డాబాల మీద ఉండదగ్గదే, కానీ అందుకు కారణం వేరు. మార్కెట్ తన అవసరానికి వదిలేసిన గుణాలను దాచి ఉంచగల చోటు ఇల్లొక్కటే. ఇంటివాళ్లు దాచడం వల్లే నల్ల టమాటా అనేది ఇంకా భూమ్మీద ఉంది. మనమూ దాన్ని విత్తనంగా అందుకుని విత్తనంగానే దాచితేనే ఈ శ్రమకు అర్థం.

నలుపు ఎక్కడిది?

టమాటా పండేటప్పుడు కాయలోని పచ్చదనం కరిగిపోతుంది, దాని స్థానంలో ఎరుపు నిండుతుంది. చెరొకీ పర్పుల్ లాంటి పాత రకాల్లో పచ్చదనాన్ని కరిగించే పని చేయవలసిన ఒక జన్యువు చెడింది. అందువల్ల ఎరుపు వస్తుంది, పచ్చ పోదు. రెండూ కలిసి ముదురు గోధుమ రంగవుతుంది. పై తోలు రంగులేనిదైతే పండు ఊదాగా, తోలు పసుపుదైతే మట్టి రంగుగా కనబడుతుంది. అంతే సంగతి. ఇందులో ఎవరి ప్రయోగమూ లేదు.

ఇక్కడే ఒక విశేషం ఉంది. పాత నల్ల రకాలను కూర్చి పరీక్షించిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. అప్పటికే తెలిసిన లోపం కాక, అదే జన్యువులో మరో నాలుగు కొత్త లోపాలు అందులో బయటపడ్డాయి. అంటే ఈ నలుపు ఒక్కచోట పుట్టి లోకమంతా పాకింది కాదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో, ఎవరి పెరట్లోనో ఒక మొక్కకు కమిలిన రంగు కాయ కాసింది. చెడిపోయిందని పీకి పారేయడానికి అన్ని విధాలా తగిన మొక్క అది. ప్రతిసారీ ఎవరో ఒకరు కొరికి చూశారు. గింజలు దాచారు. ఆ దాచినవాళ్ల పేర్లు చాలావరకు మనకు తెలియవు. వాళ్లు వంటింటి మనుషులే అయి ఉంటారన్నది నా నమ్మకం, ఎందుకంటే రంగు చూసి భయపడకుండా రుచి చూసి తీర్పు చెప్పే అలవాటు వంటింటిదే.

> ఒకే పేరు, మూడు రకాలు
>
> పాత నల్ల రకాలు: కోస్తే లోపలి కండ కూడా ముదురు రంగే. చెరొకీ పర్పుల్, బ్లాక్ క్రిమ్ ఈ కోవలోవి. విత్తనం దాచుకుంటే అదే రకం మళ్లీ వస్తుంది.
>
> నీలి తోలు రకాలు: అమెరికాలోని ఆరిగన్ స్టేట్ యూనివర్సిటీ 2012లో విడుదల చేసిన ఇండిగో రోజ్ వీటికి ముందువరస. అడవి టమాటా జాతులతో మామూలు సంకరం చేసి సాధించారు. ఎండ తగిలిన మేర తోలు నల్లబడుతుంది, లోపల ఎరుపే.
>
> జన్యుమార్పిడి ఊదా టమాటా: ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సెంటర్‌లో కేథీ మార్టిన్ బృందం స్నాప్‌డ్రాగన్ పూలమొక్క జన్యువులతో తయారుచేసింది. ఫలితాలు 2008లో ప్రకటించారు. అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది, 2024లో ఇంటితోటలకు విత్తనం అమ్మారు. మన దేశంలో వాణిజ్యపరంగా సాగవుతున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే.

ప్రకటనల్లో ఈ మూడింటినీ కలగలిపి నల్ల టమాటా అనే అమ్ముతున్నారు. నేరేడులో, నల్ల ద్రాక్షలో ఉండే ఊదా వర్ణకం ఒంటికి మేలు చేస్తుందని, అది ఈ టమాటాలో నిండా ఉందని రాస్తారు. రెండో మూడో రకానికి ఆ మాట కొంత వర్తిస్తుంది. పాత రకాల నలుపు ఆ వర్ణకం కాదు, కరగని పచ్చదనం. ఊదా వర్ణకమే కావాలంటే వానాకాలంలో నేరేడు పళ్లు ఉన్నాయి, ఏడాది పొడవునా వంకాయ తోలు ఉంది. బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచే బీపీటీ 2841 అనే నల్లబియ్యం వంగడం వచ్చింది. టమాటా మీద ఆ బరువు పెట్టనవసరం లేదు. పెడితే, పండుకు లేని మహిమను అంటగట్టి చివరికి పండునే అబద్ధం చేసినవాళ్లమవుతాం.

పొట్లంలో వచ్చిన వారసత్వం

1990లో అమెరికాలో రసాయన శాస్త్రజ్ఞుడు క్రెయిగ్ లెహూలియర్‌కు టపాలో ఒక పొట్లం వచ్చింది. టెన్నెసీ రాష్ట్రం నుంచి జాన్ గ్రీన్ అనే ఆయన పంపిన టమాటా గింజలవి. నూరేళ్ల కిందట చెరొకీ ఆదివాసుల నుంచి తమ ఇరుగువారికి అందిన రకమని ఉత్తరంలో రాశాడు. రకానికి పేరు లేదు. లెహూలియర్ పెంచి చూసి, పండు రంగూ అది వచ్చిన దారీ కలిపి చెరొకీ పర్పుల్ అని పేరు పెట్టి, ఒక చిన్న విత్తన సంస్థకు పంపాడు. వాళ్లకు రుచి నచ్చింది, రంగు చూసే తటపటాయించారు. దెబ్బ తగిలి కమిలినట్టున్న పండును జనం కొంటారా అన్నది వాళ్ల సందేహం. ఇవాళ ప్రపంచంలో పెరటి టమాటా పెంచేవాళ్లలో ఆ పేరు తెలియనివాళ్లు అరుదు.

బ్లాక్ క్రిమ్ పేరులోని క్రిమ్ అంటే క్రిమియా. అక్కడి టమాటాను స్వీడన్‌కు చెందిన లార్స్ ఓలోవ్ రోసెన్‌స్ట్రోమ్ 1990లోనే అమెరికా విత్తన పరిరక్షకులకు పరిచయం చేశాడు. రష్యా నుంచి వచ్చిన మరో నల్ల రకానికి అమెరికన్ నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ పేరు పెట్టారు. ఈ పేర్లన్నీ చేరిన చోటు సీడ్ సేవర్స్ ఎక్స్ఛేంజ్ అనే విత్తన పరిరక్షకుల సంస్థ. 1975లో డయాన్ ఆట్ వీలీ, కెంట్ వీలీ దంపతులు దాన్ని మొదలుపెట్టినప్పుడు వాళ్ల చేతిలో ఉన్నవి డయాన్ తాతగారు ఇచ్చిన ఒక పూలతీగ గింజలు, ఒక టమాటా గింజలు. పరిశోధన కేంద్రాలు, ప్రభుత్వాలు తర్వాత వచ్చాయి. ముందు ఉన్నది ఒక తాత, ఒక మనవరాలు, ఒక పొట్లం.

ఇది మనకు తెలియని పద్ధతి కాదు. బీరకాయ ఎండాక గింజలు తీయకుండా కాయపళంగా చూరుకు వేలాడదీసిన ఇళ్లు, గుమ్మడి గింజలను బూడిదలో పొర్లించి పిడకకు అద్ది ఎండబెట్టిన చేతులు మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉన్నాయి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చిరుధాన్యాల విత్తనాన్ని ఇప్పటికీ అలాగే కాపాడుతున్నారు. కృష్ణా డెల్టాలో మాత్రం వరి చేను చుట్టూ తిరిగిన మన తెలివి కూరగాయ విత్తనాన్ని పూర్తిగా దుకాణానికి అప్పగించేసింది. పుల్లగా, గాట్లు పడి, చేతిలో పట్టుకుంటే చితికే నాటు టమాటా కోసం ఇప్పుడు సంతలో వెతుక్కోవాలి.

ఎర్రగా ఉంటేనే అమ్మకం

మార్కెట్ టమాటాకు రుచి లేదని అందరమూ అంటాం. అది పాతకాలం మీది మమకారం మాత్రమే అని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఆధారాలు గట్టివి. ఎన్నో దశాబ్దాలుగా మేలురకాలను ఎంచేటప్పుడు కాయ మొత్తం ఒకే రంగులో పండే మొక్కలనే ఏరుకున్నారు. పెట్టెలో సర్దితే అన్నీ ఒకేలా ఉంటాయి, కోత సమయం తెలుస్తుంది, కొనేవాడి కంటికి ఇంపు. నాటు కాయకు తొడిమ దగ్గర ఉండే ముదురు పచ్చ భుజాలు అలా మాయమయ్యాయి. ఆ భుజాలు పోవడమంటే కాయ తనంతట తాను కొంత పిండివంట చేసుకునే పొయ్యి ఆరిపోవడమేనని, అందువల్ల చక్కెరలు తగ్గాయని 2012లో ఆన్ పావెల్ తదితరులు తేల్చారు. 2017లో ఫ్లోరిడాకు చెందిన హ్యారీ క్లీ, చైనా శాస్త్రజ్ఞులతో కలిసి 398 టమాటా రకాల జన్యువులను చదివి చూస్తే, రుచికి మూలమైన 13 పదార్థాలు కొత్త రకాల్లో బాగా తగ్గినట్టు తేలింది. పాపం ఇందులో ఎవరూ రుచిని చంపాలనుకోలేదు. దిగుబడి, నిలవ, లారీ ప్రయాణం, రోగనిరోధకత అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు వెతికారు. రుచి గురించి అడిగినవాళ్లు లేరు.

మదనపల్లెలో తెంపిన కాయ తెనాలి గంగానమ్మపేటకు చేరాలంటే తోలు మందంగా ఉండాలి, కండ గట్టిగా ఉండాలి. చెరొకీ పర్పుల్ ఆ ప్రయాణం చేయలేదు. తోలు పలచన. వాన పడితే తొడిమ చుట్టూ పగులుతుంది. పండిన మర్నాటికల్లా తినేయాలి. వ్యాపారి లెక్కలో ఇవన్నీ లోపాలు. డాబా మీంచి వంటింటికి పాతిక మెట్లు దిగవలసిన పండుకు ఇందులో ఏ లోపం లెక్కలోకి వస్తుంది? అందుకే దీన్ని పొలంలో వేసి లాభాలు గడించమని రైతుకు సలహా ఇవ్వడం తప్పు. ఆ సలహాలు ఇప్పటికే మొదలయ్యాయి. ఎకరాల మీద బతికే రైతుకు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ లాంటి, మూడు తెగుళ్లను తట్టుకునే హైబ్రిడ్ అవసరం. నల్ల టమాటా బకెట్ల మొక్క, ఆరు మొక్కల పంట.

డెల్టా గాలిలో బతుకుతుందా?

అందరూ వేసే మొదటి ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. క్రిమియా ఎక్కడ, రేపల్లె ఎక్కడ? టమాటా ఏ రకమైనా పగలు 32, రాత్రి 22 డిగ్రీలు దాటితే పుప్పొడి నిస్సారమై పూత రాలిపోతుంది. పెద్ద కాయల పాత రకాలకు ఈ బాధ మరీ ఎక్కువ. మార్చి చివర నాటి మే నెలలో పండు కోసం ఎదురుచూసేవాళ్లు నిరాశపడక తప్పదు. కానీ మనకూ ఒక చలికాలం ఉంది. బాపట్ల తీరంలో డిసెంబరు, జనవరి రాత్రులు ఇరవై డిగ్రీలకు కాస్త అటూ ఇటూ ఉంటాయి. క్రిమియావాడికి అది వేసవి. అక్కడి జూలైని ఇక్కడి జనవరిలో వెతుక్కోవడమే మనం చేయవలసిన పని. విత్తన పొట్లం వెనక అచ్చేసిన నెలలు చూసి నారు పోసేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటున్నారు.

> మన కేలండరు
>
> వినాయకచవితి వెళ్లాక, సెప్టెంబరు చివరి వారంలో నారు పోయాలి. 25–30 రోజుల నారును దీపావళి ప్రాంతంలో బకెట్లలోకి మార్చాలి. నాటిన 75–80 రోజులకు, సంక్రాంతి దాటుతుండగా పెద్ద కాయలు పండుతాయి. బ్లాక్ చెర్రీ లాంటి చిన్న కాయలు పది పదిహేను రోజులు ముందే. నవంబరు మొదట్లో రెండో విడత నారు తప్పనిసరిగా పోసుకోవాలి. మార్చి రెండో వారం దాటితే నీడవల కట్టినా కొత్త పిందె మీద ఆశ వదులుకోవచ్చు.

రెండో విడత ఎందుకంటే, ఈ కేలండరు మన తుపానుల కేలండరు కూడా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నిండు పూతలో ఉన్న మొక్కకు ఆ గాలి ముందు సరుగుడు కర్ర కూడా ఆగదు. బకెట్లలో పెంచడంలో ఉన్న సుఖం ఇక్కడే తెలుస్తుంది: హెచ్చరిక వినగానే మెట్లగదిలోకి చేర్చవచ్చు. చేర్చలేని మొక్కలు పోతాయి, వెనక నారు ఉంటే ఏడాది పోదు.

తెనాలి, రేపల్లె, బాపట్ల మూడూ పక్కపక్కనే ఉన్నా నేలలు మాత్రం ఒకదానికొకటి పోలవు. తెనాలి నల్లరేగడి వానకు ముద్దయి, ఎండకు బీటలిస్తుంది. నీళ్లు నిలిస్తే టమాటా వేరు ఊపిరాడక చస్తుంది. ఇక్కడ పెరటి నేలకంటే డాబా మీది బకెట్టే మేలు. ఇరవై లీటర్ల బకెట్‌లో ఒక్క మొక్క, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, కాస్త మట్టి, మిల్లుల దగ్గర దొరికే ఊక బూడిద, గుప్పెడు వేపపిండి ఉంటే చాలు. రేపల్లె వైపు పెనుమూడి లంకల ఒండ్రు దొరికినవాళ్లు అదృష్టవంతులు. కానీ దిగువకు పోయేకొద్దీ బోరు నీటిలో ఉప్పు ఎక్కువ. నేలలో ఉప్పును కొలిచే ఈసీ 2.5 దాటాక టమాటా దిగుబడి తగ్గడం మొదలవుతుంది. కుండీల్లో ఉప్పు పోగుపడుతుంది కనుక పది పదిహేను రోజులకొకసారి మంచినీటితో మట్టిని బాగా కడిగినట్టు తడపాలి. కొద్దిపాటి ఉప్పు మాత్రం చేటు కాదు. కాయ చిన్నదవుతుంది, తీపి పెరుగుతుంది. దిగుబడి మీద బతకని ఇంటితోటకు ఇది మంచి బేరమే.

బాపట్ల సంగతి అన్నిటికంటే ఆసక్తికరం. సూర్యలంక వైపు ఇసుక నేలల్లో ఉప్పునీటి మీద పలచని పొరగా వాననీరు తేలి ఉంటుంది. ఆ పొరను మాత్రమే అందుకునేలా తవ్వే గుంటలే దొరువులు. కుండలతో తోడి మొక్క మొదట్లో పోస్తూ ఈ తీరం తరతరాలుగా కూరగాయలు పండించింది. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకం శాస్త్రజ్ఞులు ఆ దొరువునే మెరుగుపరిచి కొత్త పద్ధతిగా రైతులకు ఇచ్చారు. 1945లో వ్యవసాయ కళాశాల వచ్చిన ఊరిది. 1986లో విడుదలై ఇవాళ ఎన్నో రాష్ట్రాలు వండుకుంటున్న సాంబమసూరి, అంటే బీపీటీ 5204, పుట్టిన ఊరిది. ఇసుకలో నీరు నిలవదు, వేరు కుళ్లదు, పొద్దున కాస్త సాయంత్రం కాస్త నీళ్లు పోస్తే టమాటాకు అంతకంటే సుఖమైన చోటు లేదు. తడి ఒకరోజు ఎక్కువై ఒకరోజు లేకపోతే కాయ అడుగున నల్లమచ్చ పడి కుళ్లుతుంది. చాలామంది దాన్ని రోగమనుకుని మందు కొడతారు. అది నీళ్లు సరిగ్గా అందక సున్నం కాయకు చేరకపోవడం.

తెగుళ్ల మాట

నల్ల రకాల అభిమానులు ఎక్కువగా దాటవేసే విషయం ఇది. ఈ మొక్కలకు మన తెగుళ్లతో పరిచయం లేదు. తెల్లదోమ మోసుకొచ్చే ఆకుముడత సోకితే మొక్క గిడసబారి ఊరుకుంటుంది. నేలలోని సూక్ష్మజీవి వల్ల వచ్చే వడలు తెగులైతే పచ్చని మొక్క రెండు రోజుల్లో తలవాల్చేస్తుంది. హైబ్రిడ్ మొక్క తట్టుకునే చోట ఇవి తట్టుకోలేవు. ఒప్పుకోవలసిందే.

అయినా ఆరు మొక్కలకు చేయగల కాపలా ఆరు ఎకరాలకు చేయలేం. నారుమడి మీద సన్నని నైలాన్ వల కప్పితే ఆకుముడత ముప్పు సగం తగ్గుతుంది, ఎందుకంటే లేత వయసులో సోకినదే మొక్కను పాడుచేస్తుంది. పసుపు జిగురు అట్టలు, వేపనూనె తరవాతి మాట. వడలు తెగులుకు ఇంకా మంచి ఉపాయం ఉంది: వంగ మొక్క వేరు మీద టమాటా కొమ్మ అంటు కట్టడం. తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల కేంద్రం ఈ పద్ధతిని ఆసియా దేశాల్లో ప్రచారం చేసింది. వంగ వేరు ఆ తెగులునూ, నీటి ముంపునూ ఓర్చుకుంటుంది. పెన్సిలంత కూడా లేని రెండు కాడలను ఏటవాలుగా కోసి, కలిపి, చిన్న క్లిప్పు పెట్టి, వారం రోజులు నీడలో తేమగా ఉంచాలి. పది కడితే మొదటిసారి నాలుగు బతుకుతాయేమో. మామిడి అంట్లు కట్టే ప్రాంతానికి ఇది నేర్వలేని విద్య కాదు.

చారుకు పనికిరాదు, అయితే?

కిలో ఇరవై రూపాయలకు దొరికేదాని కోసం నాలుగు నెలలు కాపలానా అని అడిగేవాళ్లకు లెక్కల్లో జవాబు లేదు. బకెట్‌లో పెరిగిన చెరొకీ పర్పుల్ నుంచి రెండు మూడు కిలోలు వస్తే బాగా కాసినట్టే. పైగా మన వంటకు టమాటా కావలసింది పులుపు కోసం. చారుకు, పప్పుకు, ఎండబెట్టి పెట్టే నిలవ పచ్చడికి ఈ పండు నప్పదు. నీరెక్కువ, పులుపు తక్కువ, ఉడికితే రంగు బురదగా మారుతుంది. ఆ పనికి మన నాటు కాయను మించింది లేదు.

కానీ టమాటాను పండుగా తినే అలవాటు మనకు లేకపోవడానికి కారణం మన నాలుక కాదు, మనకు దొరికిన టమాటా. దోరజామకాయకు ఉప్పూ కారం అద్దుకుని తినే ఊళ్లివి. నల్ల టమాటాను అలాగే తినాలి, ఫ్రిజ్‌లో పెట్టకుండా, కోసిన వెంటనే. కమ్మటి పెరుగులో ముక్కలు వేసి ఆవాలు, ఎండుమిర్చి తాలింపు పెడితే పెరుగుపచ్చడి అన్నంలోకి హాయిగా ఉంటుంది. పచ్చిమిర్చి, ఉల్లి, కొత్తిమీరతో రోట్లో కచ్చాపచ్చాగా దంచినా బాగుంటుంది. పొయ్యి మాత్రం ఎక్కించకూడదు.

పరాయి రకం మనకెందుకు అన్న అభ్యంతరం కూడా వినిపిస్తుంది. టమాటా మొత్తంగానే ఆండీస్ కొండల నుంచి బయలుదేరి, మెక్సికోలో పెరిగి, ఓడలెక్కి వచ్చిన పరాయిది. మన పెద్దలు దానికి రామములగ అని పేరు పెట్టి ములగ జాతిలో కలుపుకున్నారు. గుంటూరు పేరును ప్రపంచానికి చెప్పిన మిరప కూడా అలా వచ్చిందే. ఏ పంటా పుట్టుకతో మనదై ఉండనక్కరలేదు. గింజ మన చేతిలో ఉందా, ఏటేటా దుకాణానికి చెయ్యి చాచాలా అన్నదే చూసుకోవాలి.

గింజ దగ్గరే అసలు పని

హైబ్రిడ్ గింజ దాచినా తల్లి గుణం నిలవదు. ఈ పాత రకాలు నిలుస్తాయి, ఎందుకంటే టమాటా పువ్వు తనను తానే ఫలదీకరించుకుంటుంది. తేనెటీగలు తిరిగే డాబా మీద అప్పుడప్పుడు కలగలుపు జరగవచ్చు కనుక విత్తనానికి అనుకున్న పూగుత్తికి విచ్చకముందే పలచని గుడ్డ సంచి తొడిగితే సరి. మొక్కకు కాసిన వాటిలో మొట్టమొదటి మంచి కాయను, ఏ రోగమూ లేని మొక్క నుంచి, బాగా మెత్తబడేదాకా వదిలేయాలి. గింజలు జిగురుతో సహా గ్లాసులోకి పిండి రెండు మూడు రోజులు పులియనిచ్చి, మీద తేలినవి పారబోసి, అడుగున చేరినవి కడిగి, పింగాణీ పళ్లెంలో నీడన ఎండబెట్టాలి. కాగితం మీద పోస్తే అంటుకుపోతాయి. బాగా ఎండిన గింజ గాజుసీసాలో నాలుగేళ్లకు పైగానే మొలకశక్తితో ఉంటుంది.

విత్తనం ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్నది చిన్న విషయం కాదు. ఇంద్రధనుస్సు రంగుల బొమ్మలతో ఆన్‌లైన్‌లో అమ్మే పొట్లాల్లో ఏముందో మొలిచేదాకా తెలియదు. అమెరికా నుంచి సెలవులకు వచ్చే పిల్లలు సూట్‌కేసులో నాలుగు పొట్లాలు పెట్టుకు రావడం ప్రేమతో చేసే పనే, కానీ 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం దేశంలోకి తేకూడదు. ఇది కాగితాల కోసం పెట్టిన నిబంధన కాదు. 2014లో ఇజ్రాయెల్ తోటల్లో మొదట కనిపించిన ఒక టమాటా వైరస్ గింజ ద్వారా, చేతి తాకిడి ద్వారా కొన్నేళ్లలోనే ఎన్నో దేశాలకు పాకింది. మదనపల్లె రైతు బతుకు ముందు మన డాబా సరదా చాలా చిన్నది. ఇప్పటికే ఇక్కడ పెంచుతున్నవాళ్ల దగ్గర నుంచి, చిరునామా ఉన్న విత్తన సంస్థల నుంచి తీసుకోవడమే ధర్మం. ఆ తర్వాత పంచుకోవడానికి అడ్డు లేదు. విత్తనం దాచుకునే, ఇచ్చిపుచ్చుకునే హక్కును రైతుకు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ చట్టమే ఇచ్చింది.

ఏటేటా దాచినంత మాత్రాన బ్లాక్ క్రిమ్ తెనాలి ఎండకు అలవాటు పడిపోతుందని కొందరు చెబుతారు. అంత సులువు కాదు. ఒకే వంశపు విత్తనంలో ఎంచుకోవడానికి పెద్దగా తేడాలు ఉండవు. తేడా రావాలంటే కలపాలి. ఇది శాస్త్రజ్ఞులకే సాధ్యమనుకునేవాళ్లకు ఒక ఉదాహరణ చాలు. 2005–06 ప్రాంతంలో ఆ లెహూలియరే ఆస్ట్రేలియాకు చెందిన పట్రీనా నుస్కె స్మాల్‌తో కలిసి కుండీల్లో పెరిగే పొట్టి టమాటాల కోసం ఒక ఉద్యమం మొదలుపెట్టాడు. అందులో పనిచేసినవాళ్లు దేశదేశాల ఇంటితోటల మనుషులు. జీతం లేదు, ప్రయోగశాల లేదు. ఒక దేశంలో పండిన గింజ రెండో దేశపు వేసవికి చేరేది, అలా ఏడాదికి రెండు తరాలు ముందుకు నడిచేవి. వందకు పైగా కొత్త రకాలు వచ్చాయి. వాటిలో టాస్మేనియన్ చాకొలెట్ లాంటి ముదురు రంగువీ ఉన్నాయి.

మనకూ సరంజామా చేతిలోనే ఉంది. తమిళనాడులోని పెరియకుళంలో పుట్టిన పీకేఎం-1 టమాటా మన ఎండలకు పాత కాపు, నాటు పులుపు ఉన్నది, హైబ్రిడ్ కాదు. సాయంత్రం దాని మొగ్గలో పసుపు కేసరాల గుత్తిని గోటితో తీసేసి, మర్నాడు పొద్దున బ్లాక్ క్రిమ్ పుప్పొడి అద్ది, గుత్తికి దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. ఆ కాయ గింజలు మరుసటి ఏడు వేస్తే అన్నీ ఎరుపే కాస్తాయి. నలుపు పోయిందని అక్కడే చాలామంది వదిలేస్తారు. వదలకూడదు. ఆ ఎర్రకాయల గింజలను మూడో ఏడు వేస్తే సుమారు నాలుగింట ఒక మొక్కకు మళ్లీ కమిలిన రంగు తేలుతుంది. పదహారు బకెట్లకు నాలుగన్నమాట. ఒక డాబా చాలకపోతే తెనాలిలో నాలుగు, రేపల్లెలో నాలుగు, బాపట్ల ఇసుకలో ఎనిమిది. ఆ నాలుగింటిలో మార్చి ఎండలోనూ పిందె నిలిపిన మొక్క ఏదో చూసి, పొట్లం మీద తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తెంపిన తేదీ రాసి, కొత్త పేరు కోసం కాస్త ఖాళీ వదలాలి.